పాత కారు డ్రమ్ బ్రేకులు: శబ్దం, మెత్తబడిన పెడల్, ఇంటి దగ్గర మరమ్మతు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి సమాధానాలు ప్రధానంగా మారుతి 800 వెనుక చక్రాల డ్రమ్ బ్రేకులను దృష్టిలో పెట్టుకొని రాసినవి. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ కారు మన ఊళ్ళలో నేటికీ చాలా ఇళ్ళ ముందు కనిపిస్తుంది. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి కనుక, చాలామంది బ్రేకుల సంగతి ఆ సమయంలోనే తలచుకుంటారు. అంతవరకూ ఆగకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

శబ్దం, పెడల్ మెత్తబడటం రెండూ ఒకేసారి మొదలయ్యాయి. రెండింటికీ కారణం ఒక్కటేనా?

చాలా సందర్భాల్లో కాదు. శబ్దం పొడి భాగాల నుంచి, అంటే షూలు (డ్రమ్‌కు లోపలి నుంచి అదుముకొనే వంపు పలకలు), డ్రమ్ (చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె), స్ప్రింగులు, బ్యాక్ ప్లేట్ (షూలను మోసే కదలని పలక) నుంచి పుడుతుంది. పెడల్ మెత్తదనం చాలావరకు బ్రేక్ ఆయిల్ ప్రయాణించే దారి నుంచి, అంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించేది), పైపులు, వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర షూలను డ్రమ్ వైపు నెట్టేవి) నుంచి వస్తుంది. ఈ రెండు లోపాలనూ వేరువేరుగా పరిశీలించకుండా ముందు ఎయిర్ (ఆయిల్ దారిలో చేరిన గాలి) తీయించి, తగ్గకపోతే షూలు మార్పించి, అప్పటికీ తగ్గకపోతే మాస్టర్ సిలిండర్ కొనిపించే పద్ధతి వల్ల డబ్బు ఖర్చవుతుందే తప్ప లోపం దొరకదు.

అయితే రెండూ కలిసి వచ్చే సందర్భాలు రెండున్నాయి. లైనింగ్ (షూ మీది రాపిడి పొర) పూర్తిగా అరిగిపోతే ఇనుము ఇనుముకు రాసుకొని శబ్దం వస్తుంది, షూ ఎక్కువ దూరం జరగవలసి రావడంతో పెడల్ కూడా కిందికి దిగుతుంది. రెండవది, వీల్ సిలిండర్ కారి లైనింగ్ బ్రేక్ ఆయిల్‌తో తడిసిన సందర్భం. అప్పుడు ఆ చక్రం ఒక్కోసారి పట్టేస్తుంది, ఒక్కోసారి జారిపోతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా బండిని ఆ రోజే ఆపాలి.

పెడల్ మెత్తగా ఉందంటే లోపల ఎయిర్ చేరినట్టేనా?

మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే మనం “మెత్తగా ఉంది” అనే ఒక్క మాటతో చెప్పేవి నిజానికి మూడు వేర్వేరు లక్షణాలు.

మొదటి లక్షణంలో పెడల్ చాలా కిందికి వెళ్ళి, అక్కడ గట్టిగా ఆగుతుంది. వెంటనే రెండోసారి తొక్కితే ఇంకొంచెం పైనే పట్టుకుంటుంది. ఇది షూలకూ డ్రమ్‌కూ మధ్య ఖాళీ పెరిగిందనడానికి గుర్తు. రెండవ లక్షణంలో పెడల్ ఎక్కడా గట్టిగా ఆగదు, పాదం కింద స్పాంజి ఉన్నట్టు సాగుతూ వెళుతుంది. లోపల ఎయిర్ ఉన్నా, రబ్బరు హోస్ పైపు పాతబడి ఒత్తిడికి ఉబ్బుతున్నా, షూ వంపు డ్రమ్ వంపుతో కలవకపోయినా ఇలా అనిపిస్తుంది. మూడవ లక్షణంలో పెడల్ మొదట బాగానే నిలబడి, అదే ఒత్తిడితో అరనిమిషం నొక్కి ఉంచితే మెల్లగా నేలవైపు దిగిపోతుంది. బయట ఎక్కడో ఆయిల్ కారుతూ ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు ఆయిల్‌ను దాటనిస్తూ ఉండాలి.

మొదటి రెండింటిని విడదీయడానికి పానా పట్టనవసరం లేని పరీక్ష ఒకటి ఉంది. బండి సమతలంగా నిలబడి ఉండగా హ్యాండ్ బ్రేకును రెండు మూడు క్లిక్కులు పైకి లాగి పెడల్ తొక్కాలి. అప్పుడు పెడల్ పైకి వచ్చి గట్టిపడితే లోపం వెనుక షూల ఖాళీలో ఉంది, ఎంత ఎయిర్ తీసినా ప్రయోజనం ఉండదు. ఏ మార్పూ లేకపోతే ఆయిల్ దారిని అనుమానించాలి. ముందు చక్రాల డిస్క్ బ్రేకుల కాలిపర్లలో (డిస్క్‌ను బిగించి పట్టే భాగాల్లో) చేరిన ఎయిర్ కూడా ఇదే మెత్తదనాన్ని ఇస్తుంది కాబట్టి, తప్పంతా డ్రమ్ములదేనని ముందే తీర్మానించుకోకూడదు.

శబ్దాన్ని బట్టి లోపం ఎక్కడుందో చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు మాత్రమే వచ్చి పోయే గరగర శబ్దం రాత్రి తేమకు పోత ఇనుప డ్రమ్ మీద పట్టిన పలుచని తుప్పు పొరది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో, వానాకాలంలో ఇది మామూలే, దీనికి మరమ్మతు అవసరం లేదు. వేగం తగ్గుతున్న చివరి క్షణాల్లో కీచుమనే శబ్దం వస్తుంటే లైనింగ్ ఉపరితలం వేడికి గట్టిపడి అద్దంలా మెరుస్తోందని గాని, డ్రమ్ నిండా దుమ్ము పేరుకుందని గాని అనుకోవచ్చు. ఎడతెగకుండా ఇనుము గీసిన శబ్దం వస్తే లైనింగ్ అయిపోయినట్టే.

బ్రేకు తొక్కినప్పుడు చక్రం దగ్గర “టక్”మని ఒక్కసారి వినిపించే శబ్దం చాలామందిని తికమక పెడుతుంది. లేత్ మీద డ్రమ్‌ను తొందరగా కోసినప్పుడు లోపల మరచుట్ల వంటి సన్నని గీతలు మిగిలిపోతాయి. షూ ఆ గీతల వెంబడి పక్కకు పాకి, ఒక్కసారిగా వెనక్కి వచ్చి బ్యాక్ ప్లేట్‌కు తగులుతుంది. షూను పట్టి ఉంచే చిన్న స్ప్రింగు విరిగినా, షూ ఆనుకొనే మెట్లు ఎండిపోయినా ఇదే శబ్దం వస్తుంది.

బ్రేకు తొక్కకపోయినా వేగంతోపాటు పెరిగే హోరు మాత్రం బ్రేకుది కాదు, సాధారణంగా వెనుక చక్రం బేరింగుది.

పని మొదలుపెట్టే ముందు ఏ ఏర్పాట్లు కావాలి?

గట్టి, సమతలమైన నేల కావాలి. డ్రమ్ ఊడిరావాలంటే హ్యాండ్ బ్రేకు వదలక తప్పదు కనుక, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి, బండిని మొదటి గేరులో ఉంచాలి. జాకీ బండిని ఎత్తడానికే తప్ప ఎత్తి ఉంచడానికి కాదు. ఎత్తిన తర్వాత బండి బరువును జాక్ స్టాండ్ల మీదికి దించాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చెప్పకుండా పగిలిపోతాయి, వాటి మీద నిలబెట్టిన బండి పక్కన మనిషి కూర్చోకూడదు. ఈ విషయంలో సర్దుకుపోవడానికి ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దని వేడుకుంటున్నాను.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు: వీల్ పానా, స్పానర్లు, నట్టుకు సరిపోయే సాకెట్, ప్లయర్, రెండు స్క్రూడ్రైవర్లు, వైరు బ్రష్, పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టం, సీసా. విప్పడానికి ముందూ, డ్రమ్ తీసిన వెంటనే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి. రెండు చక్రాలనూ ఒకేసారి విప్పవద్దు. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలోకి వెళ్ళాలో అనుమానం వచ్చినప్పుడు, విప్పని రెండో చక్రాన్ని తెరిచి చూసుకోవచ్చు. అది అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుందని మరవకూడదు.

లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదవచ్చా?

ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లోకి చేరితే క్యాన్సర్‌తో సహా తీవ్రమైన వ్యాధులు వస్తాయి. అవి బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. మాస్కు పెట్టుకొని, దుమ్మును సబ్బునీళ్ళతో గాని బ్రేక్ క్లీనర్‌తో గాని తడిపి, పాత గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పెట్రోలు, కిరోసిన్ వాడకూడదు. అవి మంటకు ప్రమాదకరం కావడమే కాక బ్రేకు రబ్బర్లను కూడా పాడు చేస్తాయి.

డ్రమ్ ఊడిరావడం లేదు. ఏం చేయాలి?

మారుతి 800లో వెనుక డ్రమ్, చక్రపు హబ్ ఒకటే కాబట్టి, మధ్యలో ఉన్న డస్ట్ క్యాప్ తీసి స్పిండిల్ నట్టు విప్పితే తప్ప డ్రమ్ కదలదు. నట్టు తీసిన తర్వాత కూడా రాకపోతే సాధారణంగా రెండు కారణాలుంటాయి. హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుతుగా ఉండి షూలు తెరుచుకునే ఉండవచ్చు. అప్పుడు కేబుల్ అడ్జస్టర్‌ను వదులు చేయాలి. లేదా, ఏళ్ళ తరబడి షూ రాసుకోవడం వల్ల డ్రమ్ అరిగి, రాసుకోని అంచు గట్టులా నిలిచి షూకు అడ్డుపడుతూ ఉండవచ్చు. అప్పుడు షూల ఖాళీని సరిచేసే అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలను లోపలికి దించాలి. డ్రమ్ అంచు మీద సుత్తితో నేరుగా కొట్టకూడదు, పోత ఇనుము పగులుతుంది. అడ్డంగా చెక్క పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా తట్టాలి, లేదా పుల్లర్ అద్దెకు తెచ్చుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు నట్టును సర్వీసు పుస్తకంలో చెప్పిన టార్క్‌కే బిగించి, స్ప్లిట్ పిన్ ఉన్న చోట కొత్తదే వేయాలి.

తెరిచిన తర్వాత దేన్ని ఏ వరుసలో చూడాలి?

అందరి చూపూ ముందు లైనింగ్ మీదికి వెళుతుంది. నేను మాత్రం ముందు వీల్ సిలిండర్‌నే చూడమంటాను. దాని రెండు చివరలా ఉన్న రబ్బరు తొడుగును గోటితో కొంచెం వెనక్కి మడిచి చూడాలి. లోపల చెమ్మ ఉంటే ఆయిల్ కప్పులను దాటి వస్తోందని అర్థం. ఈ రోజు చెమ్మగా ఉన్నది కొంతకాలానికి ధారగా మారుతుంది. తర్వాత లైనింగ్ మందం చూడాలి. అతికించిన లైనింగ్ అయితే అత్యంత పలుచనైన చోట కూడా దాదాపు రెండు మిల్లీమీటర్లు ఉండాలి, రివెట్లు కొట్టినదైతే రివెట్ తలకు పైన లైనింగ్ స్పష్టంగా మిగిలి ఉండాలి. ఒకే చక్రంలోని రెండు షూలూ సమానంగా అరగకపోతే కంగారుపడవలసిన పని లేదు. చక్రం తిరిగే దిశలో డ్రమ్ తనతో లాగుకుపోయే ముందువైపు షూ తనంతట తానే మరింత గట్టిగా అదుముకుంటుంది, కనుక అదే ఎక్కువ అరుగుతుంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ తేడా ఉంటేనే కారణం వెతకాలి; అరిగిన వైపు హ్యాండ్ బ్రేకు కేబుల్ గాని, సిలిండర్ పిస్టన్ గాని తుప్పుకు పట్టేసి ఉండవచ్చు.

బ్రేక్ ఆయిల్, గ్రీజు తాగిన లైనింగ్‌ను కడిగి, కాల్చి, ఎమరీ పేపరుతో రుద్ది తిరిగి వాడటం చాలా చోట్ల చూస్తాం. పీల్చుకున్న నూనె వేడెక్కగానే మళ్ళీ పైకి వస్తుంది, కాబట్టి అటువంటి షూలను మార్చవలసిందే. మార్చేటప్పుడు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. పొడిగా ఉండి కేవలం మెరుస్తున్న లైనింగ్‌ను మాత్రం ఎమరీ పేపరుతో పైపొర పోయేలా రుద్ది వాడుకోవచ్చు.

శబ్దం పోవడానికి లోపల గ్రీజు పూయవచ్చా?

బ్యాక్ ప్లేట్ మీద షూ అంచులు ఆనుకొని జరిగే చిన్న మెట్లుంటాయి. కీచు, టక్ శబ్దాల్లో చాలా భాగం ఇవి ఎండిపోవడం వల్లనే వస్తాయి. వాటిని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, వేడికి కరగని బ్రేక్ గ్రీజును చిటికెడంటే చిటికెడు పూయాలి. షూ రాసి రాసి ఆ మెట్ల మీద గుంట పడి ఉంటే గ్రీజుతో ఫలితం ఉండదు, షూ ఆ గుంటలో ఇరుక్కుంటూనే ఉంటుంది. మామూలు బేరింగ్ గ్రీజు వేడికి కరిగి లైనింగ్ మీదికి జారుతుంది, దాన్ని ఇక్కడ వాడకూడదు.

డ్రమ్‌ను లేత్ మీద కోయించాలా?

వేలికి తగిలేంత లోతు గీతలున్నా, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ పాదం కింద ఎగిరెగిరి పడుతున్నా కోయించాలి. ఎంతవరకు కోయవచ్చో తెలిపే గరిష్ఠ వ్యాసం చాలా డ్రమ్ముల మీద పోతలోనే అచ్చయి ఉంటుంది. కోసిన తర్వాతి కొలత అది దాటేలా ఉంటే కొత్త డ్రమ్ కొనడమే మార్గం. పలుచబడిన డ్రమ్ ఒత్తిడికి సాగుతుంది, త్వరగా వేడెక్కుతుంది, పగలవచ్చు కూడా. లేత్ షాపులో చివరి కోత సన్నగా, నిదానంగా కోయమని, కోసిన తర్వాత ఎమరీ పేపరుతో అడ్డంగా రుద్దమని అడగండి. తొందరపాటు కోత నుంచి ఎలాంటి శబ్దం పుడుతుందో పైన చెప్పాను.

కారుతున్న వీల్ సిలిండర్‌కు కిట్ వేయాలా, మొత్తం మార్చాలా?

సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉంటే రబ్బరు కిట్ సరిపోతుంది. వేలికి గాని కంటికి గాని గుంటలు తెలిస్తే మొత్తం మార్చాలి, గుంటలున్న గోడ మీద కొత్త కప్పు కూడా కొద్ది నెలల్లోనే తెగుతుంది. రబ్బర్లను అమర్చేటప్పుడు తాజా బ్రేక్ ఆయిల్‌తో మాత్రమే తడపాలి. సిలిండర్ విప్పేటప్పుడు పైపు నట్టు తుప్పుపట్టి మూలలు అరిగిపోతాయి, కనుక ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచడం, ఫ్లేర్ నట్ స్పానర్ (పైపు నట్టును దాదాపు చుట్టూ పట్టేది) వాడటం మంచిది.

ఖాళీ సరిచేయడం, హ్యాండ్ బ్రేకు బిగించడం – ఏది ముందు?

షూల ఖాళీయే ముందు, హ్యాండ్ బ్రేకు కేబుల్ ఎప్పుడూ చివర. ఈ వరుస తలకిందులైన బండ్లు ఎన్నో చూశాను. హ్యాండ్ బ్రేకు లీవరు పైదాకా వస్తోందని కేబుల్ బిగిస్తే, షూలు పూర్తిగా వెనక్కి వెళ్ళలేక, ఆటోమేటిక్ అడ్జస్టర్ పనిచేయడం మానేస్తుంది. కొంతకాలానికి పెడల్ దిగుతుంది, చక్రం వేడెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది. సరైన పద్ధతిలో కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి, అడ్జస్టర్ పళ్ళు తుప్పు లేకుండా కదులుతున్నాయో లేదో చూసి, డ్రమ్ బిగించిన తర్వాత పెడల్‌ను పలుమార్లు నిదానంగా తొక్కాలి. చేత్తో అడ్జస్ట్ చేసే రకమైతే చక్రం బిగుసుకునేంత వరకు తిప్పి, షూలు మధ్యకు సర్దుకునేలా పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి, ఆ తర్వాత చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వరకు వెనక్కి వదలాలి. చాలా తేలికగా రాసుకుంటున్న శబ్దం వినిపించినా ఫరవాలేదు.

ఏ బ్రేక్ ఆయిల్ వాడాలి?

బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద రాసి ఉన్నదే వాడాలి. ఈ కార్లకు అది సాధారణంగా డాట్ 3. డాట్ 4 కూడా గ్లైకాల్ రకమే కనుక దాన్ని వాడవచ్చు. డాట్ 5 సిలికోన్ రకం, దీన్ని పై వాటితో కలపకూడదు. గ్లైకాల్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 మరిగే స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టిన తర్వాత కనీసం 140 డిగ్రీలు. డాట్ 4కు అవి 230, 155. అందుకే రెండేళ్ళకొకసారి పూర్తిగా మార్చాలి, మూత తీసి నెలల తరబడి అటక మీద ఉంచిన డబ్బాలోని ఆయిల్ వాడకూడదు.

“ఆయిల్” అన్న పేరు వల్లనే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. మా బంధువుల కారులో ఎవరో ట్యాంకు తగ్గిందని ఇంజన్ ఆయిల్ పోశారు. వారం తిరగకముందే రబ్బర్లన్నీ ఉబ్బి, తొక్కిన బ్రేకు వదలకుండా పోయింది. మాస్టర్ సిలిండర్ మొదలు నాలుగు చక్రాల వరకు ప్రతి రబ్బరూ, ప్రతి హోసూ మార్చవలసి వచ్చింది. ట్యాంకు మూతలోని రబ్బరు ఉబ్బి వంకరపోయి కనిపిస్తే ముందు ఈ అనుమానమే రావాలి.

ఇద్దరితో ఎయిర్ తీయడం ఎలా?

మాస్టర్ సిలిండర్‌కు అతి దూరంగా ఉన్న చక్రంతో, అంటే మన కార్లలో వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. మీ బండి పుస్తకంలో వేరే వరుస ఉంటే దాన్నే పాటించాలి. ఇంజన్ ఆపి, బూస్టర్ (పెడల్ తొక్కే బలాన్ని పెంచే పరికరం) ఉన్న బండి అయితే అందులోని వాక్యూమ్ పోయేలా పెడల్ ఐదారుసార్లు తొక్కాలి. ఆ చక్రం దగ్గర ఎయిర్ వదిలే చిన్న నిపుల్‌కు గొట్టం తొడిగి, రెండో చివరను కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. లోపలి మనిషి పెడల్ నిదానంగా తొక్కి “పట్టుకున్నాను” అన్నాకనే నిపుల్ వదులు చేయాలి, నిపుల్ బిగించి “వదులు” అన్నాకనే పెడల్ వదలాలి. ఈ రెండు మాటల క్రమం తప్పితే గాలి తిరిగి లోపలికి వెళుతుంది. బుడగలు ఆగి శుభ్రమైన ఆయిల్ వచ్చేవరకు చేయాలి. మధ్యమధ్యలో ట్యాంకు నింపుతూ ఉండాలి.

పాత బండికి ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. రోజూ వాడేటప్పుడు మాస్టర్ సిలిండర్ పిస్టన్ చివరిదాకా వెళ్ళదు, కాబట్టి అక్కడ గోడకు తుప్పు, మడ్డి చేరి ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ను నేలకు తాకేలా తొక్కితే కప్పులు ఆ తుప్పు మీద రాసుకొని తెగుతాయి. ఎయిర్ తీసిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పాడైందనే ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే సరిపోతుంది. చిందిన ఆయిల్ రంగును తినేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

కొత్త షూలు వేశాం, ఎయిర్ తీశాం, ఖాళీ సరిచేశాం. అయినా పెడల్ మెత్తగానే ఉంది. ఎందుకు?

లేత్ మీద కోసిన డ్రమ్‌లో మామూలు కొలత షూ వేస్తే, షూ వంపు డ్రమ్ వంపు కంటే చిన్నదవుతుంది. అప్పుడు షూ మధ్యభాగం మాత్రమే తగులుతుంది, గట్టిగా తొక్కేకొద్దీ షూ వంగుతుంది, ఆ వంగడమే పాదానికి స్పాంజిలా తెలుస్తుంది. దీన్ని సుద్దముక్కతో నిర్ధారించుకోవచ్చు: లైనింగ్ అంతటా సుద్ద రాసి, షూను డ్రమ్ లోపల చేత్తో అదిమి కొద్దిగా జరిపి చూస్తే, ఎక్కడ తగులుతోందో అక్కడే సుద్ద చెరిగిపోతుంది. మధ్యలో మాత్రమే చెరిగితే పైన చెప్పిన కారణమే. రెండు చివరలే చెరిగితే కీచు శబ్దం, పట్టేయడం వస్తాయి. తేడా కొద్దిగానే ఉంటే కొన్ని వందల కిలోమీటర్లలో షూ తనంతట తానే సర్దుకుంటుంది. ఎక్కువగా ఉంటే లైనింగును డ్రమ్ కొలతకు అరగదీయించుకోవాలి. వంపు సరిగానే ఉంటే రబ్బరు హోసులను చూడండి: ఒకరు పెడల్ గట్టిగా తొక్కుతుండగా, మరొకరు హోస్‌ను వేళ్ళతో పట్టుకుంటే ఉబ్బడం తెలుస్తుంది.

ఘాటు దిగేటప్పుడు మాత్రమే పెడల్ కిందికి పోతోంది. ఇది కూడా లోపమేనా?

డ్రమ్ వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది, అందువల్ల పెడల్ కొంత దిగడం డ్రమ్ బ్రేకు స్వభావం. అయితే తిరుమల, శ్రీశైలం, అరకు దారుల్లో దిగేటప్పుడు పెడల్ స్పాంజిలా మారి, చల్లారాక మళ్ళీ గట్టిపడితే, తేమ పట్టిన ఆయిల్ ఆవిరి అవుతోందని భావించి దాన్ని మార్చాలి. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగాలి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం.

అంబాసిడర్, పద్మిని కార్లకు వేరే జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. 2014లో ఉత్తర్‌పారా కర్మాగారంలో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్‌లో పాత నమూనాలకు, పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అంబాసిడర్ ముందు చక్రం ఒక్కోదానికి రెండు వీల్ సిలిండర్లుంటాయి, అక్కడ రెండు షూల ఖాళీనీ విడివిడిగా సరిచేయాలి. ఒక్కటి మరిచినా బండి పక్కకు లాగుతుంది. ఇంత ఎక్కువ సంఖ్యలో షూలు జరగవలసి ఉంటుంది కనుక, ప్రతి చక్రంలో చిన్న ఖాళీ పెరిగినా పెడల్ దగ్గర అది పెద్ద లోతుగా కనిపిస్తుంది. ఈ కార్లలో పెడల్ దిగితే ఎయిర్ కంటే ముందు అడ్జస్ట్‌మెంట్‌నే చూడాలి.

ఏ పనులు ఇంట్లో చేయకూడదు?

తుప్పుపట్టిన ఇనుప బ్రేకు పైపును అతికించడం, దాని బదులు మామూలు రాగి గొట్టం వేయడం ఎక్కడా చేయకూడదు, ఎవరినీ చేయనివ్వకూడదు. బ్రేకు పైపు స్టీలుది గాని కుప్రోనికెల్‌ది (రాగి, నికెల్ మిశ్రలోహం) గాని అయి ఉండాలి, చివరలు సరైన పరికరంతో మడిచి ఉండాలి. మాస్టర్ సిలిండర్ లోపలి పని మొదటిసారి అనుభవజ్ఞుల దగ్గర చూసి నేర్చుకున్నాకే మొదలుపెట్టాలి.

పని పూర్తయ్యాక ఎలా పరీక్షించాలి?

ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా నొక్కి ఉంచి, మరొకరు ప్రతి చక్రం వెనుక, ప్రతి పైపు జాయింటు దగ్గర టార్చి వేసి చెమ్మ కోసం చూడాలి. పెడల్ దిగకపోతే ఖాళీ మైదానంలో 20 కి.మీ. వేగంతో, హ్యాండ్ బ్రేకు మీద చేయి ఉంచి మొదటి బ్రేకు తొక్కాలి. నేరుగా ఆగితే, కొత్త లైనింగ్ సర్దుకోవడానికి 50 కి.మీ. వేగం నుంచి 10 కి.మీ. వరకు నిదానంగా తగ్గించడం ఇరవైసార్లు, ప్రతిసారీ చల్లారే వ్యవధి ఇస్తూ చేయాలి. ఇంటికి వచ్చాక రెండు వెనుక చక్రాల దగ్గరా అరచేయి తాకించకుండా దగ్గరగా పెట్టి చూడండి; ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ వైపు షూ వదలడం లేదు, ఆ డ్రమ్ మళ్ళీ తెరవాలి. వంద కిలోమీటర్లు తిరిగిన తర్వాత వీల్ నట్లు, ట్యాంకులో ఆయిల్ మట్టం, హ్యాండ్ బ్రేకు క్లిక్కులు ఇంకొకసారి సరిచూసుకోవాలి.